మడమ కింద మచ్చ

ఖైరున్ బీ పాతికేళ్లుగా బందరులో కలంకారీ అచ్చులు అద్దుతోంది. చెప్పుల్లేకుండా నిలబడి చేసే పని కాబట్టి పాదాలకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉంటుంది. అందుకే ఎడమ మడమ కింది నల్లమచ్చను ఆవిడ పట్టించుకోలేదు. పట్టించుకున్నది కోడలు నౌషీన్. ల్యాబులో పనిచేసే ఆ అమ్మాయికి అత్త నమాజులో సజ్దాకు నుదురు నేలకానించినప్పుడు మచ్చ కనిపించింది. నమాజు అయ్యాక ఫోన్‌తో ఫొటో తీసింది.

"ఎందుకది?"

"సబ్బుకి పోవట్లేదు కదా అత్తమ్మా, డాక్టరుగారికి చూపిద్దామని."

ఆ సాయంత్రం నౌషీన్, ఆమె భర్త ముస్తాక్ వంటింట్లో ఏదో గుసగుసలాడుతూ, ఖైరున్ బీ రాగానే ఆపేశారు. తనను పని మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడానికే కొడుకూ కోడలూ ఎత్తు వేశారని ఆవిడకు నమ్మకం కుదిరింది.

అది వట్టి మరకేనని డాక్టరు చేతే అనిపించాలని, సోమవారం ఎవరికీ చెప్పకుండా గుడివాడ బస్సెక్కింది. అక్కడ చర్మం డాక్టరు అనసూయ లైటున్న భూతద్దంతో మడమంతా పరీక్షించింది.

"రంగు మరకేనండీ," అంది ఖైరున్ బీ.

"మరకైతే ఇలా ఒక పక్కకే పాకదండీ. నలుపు కూడా ఒక్క తీరుగా లేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

"మా కోడలు మీకు ఫోన్ చేసిందా?"

డాక్టరు తలెత్తింది. "మీ కోడలెవరో నాకు తెలియదే. ఆవిడా ఇదే అన్నారా?"

ఖైరున్ బీ కాలు చాపింది.

కట్టుతో కుంటుకుంటూ ఇంటికొచ్చాక దాయడం కుదరలేదు. రిపోర్టు తేవడానికి ముస్తాక్ వెళ్లాడు. ఇంకా రాలేదన్నాడు. మూడో రోజున అతని బట్టల కింద ఆసుపత్రి కవరు దొరికింది. అంతా ఇంగ్లీషే. ఆవిడ దాన్ని తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"చదువు."

నౌషీన్ భర్త వైపు చూసింది.

"వాడి మొహం చూడకు. కాలు నాది."

"మెలనోమా అత్తమ్మా. చర్మానికొచ్చే కేన్సరు. ఇంకా లోతుకి పోలేదని రాశారు. మీరు బెంగపెట్టుకుంటారని ఈయన చెప్పొద్దన్నారు. దాచడం నాకిష్టం లేదు."

ఖైరున్ బీ గచ్చు మీద కూర్చుని మడమ కట్టు తడిమి చూసుకుంది.

"నీ మీద నేనేమనుకున్నానో తెలుసా?"

"తెలుసు," అంది నౌషీన్.

విజయవాడలో ఆపరేషను చేశారు. మచ్చతోపాటు చుట్టూ కొంత మంచి చర్మం కూడా తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికారు. కేన్సరు పాకిందేమోనని గజ్జల్లోంచి ఒక లింఫు గ్రంథిని కూడా తీసి పరీక్షకు పంపారు. అందులో ఏమీ లేదని తేలింది. నెలన్నర కాలు కింద పెట్టనివ్వలేదు. కట్టు మార్చినప్పుడల్లా తనకు చూపించి తీరాలని ఖైరున్ బీ పట్టుబట్టేది. నౌషీన్ ఓపిగ్గా అద్దం పట్టుకునేది.

ఇప్పుడు మెత్తటి బూట్లు వేసుకుని, స్టూలు మీద కూర్చుని అచ్చులు అద్దుతోంది. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తుంది. మొన్న డాక్టరు పాదాలూ గజ్జలూ చూసి, "ఏమీ లేదండీ, నిశ్చింతగా ఉండండి," అంది. ఖైరున్ బీ కదల్లేదు.

"నువ్వు కూడా చూడమ్మా," అంది కోడలితో.

నౌషీన్ వంగి, వేళ్ల సందులు కూడా చూసి తలూపింది. అప్పుడు గానీ ఆవిడ బూటు తొడుక్కోలేదు.