మేక మేసిన అక్షరాలు

వరంగల్ జిల్ల మొత్తంల తెలుగు అక్షరాలన్నీ ఒక్క పొద్దుల నేర్చుకున్నోన్ని నేనొక్కన్నే. నన్ను చూసిపోదామని పట్నం నుంచి పెద్ద పెద్ద సార్లు రైలెక్కిన్రట గని, జనం ఎక్కువై కాజీపేటల దిగలేకపోయిన్రట.

ఇందుల ఒక్కటే చిన్న తప్పున్నది. నేను నేర్చుకున్నయి అక్షరాలు కావు.

మాది ఎనుమాముల. మా బాపు యాకయ్య మార్కెట్ల హమాలీ. బాపుకు సదువు రాదు. అయినా ఒక్క మిర్చి బస్తా గూడ తప్పు దుకాణంల దించలే. ఎట్లంటే, ఒక్కొక్క సేటు తన బస్తాల మీద ఒక్కొక్క మార్క ఏపిస్తడు. ఒకలది గుండ్రం, ఒకలది గుండ్రంల చుక్క, ఇంకొకలది త్రిశూలం. బాపు మార్క చూస్తడు, బస్తా ఎత్తుతడు, పోతడు. నేను నడక నేర్వకముందే మార్కలు నేర్చిన.

మా బడి మార్కెట్ గోడకు ఆనుకొనే ఉంటది. మిర్చి సీజన్ల గాలి ఇటు మర్లిందంటే క్లాసంత తుమ్ముతది. మా శకుంతల టీచరమ్మ తల ఎత్తకుంటనే తుమ్ములు విని హాజరేస్తది. ఎవని తుమ్మో ఆమెకు ఎరుకే.

ఆ టీచరమ్మ చీరల దుకాణాల పొంటి తిరిగి అట్టడబ్బాలు అడుక్కొచ్చింది. వాటిని కత్తిరిచ్చి, తెల్లకాయితం అతికిచ్చి, ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క అక్షరం రాసింది. ఆమె అట్ట చూపిస్తే మనం అక్షరం చెప్పాలె, ఆ సప్పుడుతోని మొదలయ్యే మాట ఒకటి చెప్పాలె, తర్వాత ఇసుక పల్లెంల ఏలుతోని దిద్దాలె. పద్ధతి మంచిదే. తప్పంత అక్షరాలదే. అన్నీ ఒక్కతీరుగ మెలికలు తిరిగి, పెనంల జిలేబీలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉంటయ్.

గందుకే నేను ఆటల గంటల బొగ్గుముక్క తీసుకొని అట్టల మూలకు బాపు మార్కలు పెట్టిన. మా చెల్లె చిలుకమ్మ గూడ నా క్లాసే. అది ఒక్కొక్క అక్షరం పేరు చెప్తాంటే నేను ఒక్కొక్క మార్క పెట్టుకుంట పోయిన. 'అ'కు గుండ్రం. 'ఆ'కు గుండ్రంల చుక్క. 'క'కు త్రిశూలం.

"అన్నా, మార్క కన్న అక్షరమే పెద్దగున్నది గదా, అదే చూడరాదు?" అన్నది చిలుకమ్మ.

"నీకు తెల్వదు, ఊకో."

తెల్లారి టీచరమ్మ అట్ట చూపుడు ఆలస్యం, నేను చెప్పుడు ఆలస్యం కాలే. "క! కల్లం!" "బ! బస్తా!" టీచరమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మిర్చి ఘాటు అనుకున్నరు అందరు. కాదు, నా తెలివికే.

అక్షరాలొచ్చినోడన్న పేరు నాకు ఎందుకు గావాలెనంటే, పోయినేడు గూడ నేను ఒకటో తరగతే. ఈసారి గూడ ఆగిపోతే చిలుకమ్మ రెండుకు పోతది, నేను ఒకటిల ఉంట. అన్న ఒకటి, చెల్లె రెండు. ఈ ముచ్చట బయటికి పొక్కితే మార్కెట్ల మిర్చి ధర పడిపోతది.

అంతల ఇన్‌స్పెక్టర్ సారు వస్తాండని తెలిసింది. ఆయన అట్టలు చూపిస్తడట, చదివినోళ్లను రెండుకు పంపుతడట. నాకేం ఫికర్? మూలకు మార్క ఉన్నది.

సారు వచ్చే రోజు పొద్దుగాల్ల బడికి పోయి చూస్తే నా గుండె జారి నిక్కర్ల పడ్డది. మాసిపోయినయని టీచరమ్మ అట్టలన్నిటి మీద కొత్త కాయితం అతికిచ్చి, అక్షరాలు మళ్ల రాసి, అరుగు మీద రెండు వరుసల ఎండవెట్టింది. ఒక్క మార్క లేదు! అతికిచ్చిన మైదాపిండి వాసన మాత్రం కమ్మగొస్తాంది.

మా వాడకట్టు అబ్బాస్‌గాడు వాళ్ల మేక రాణిని పట్టుకొని గోడ పక్కపొంటి పోతాండు.

"అరే అబ్బాస్, మీ రాణికి ఆకలైతాందిరా."

"దానికెప్పుడు ఆకలే. మొన్న మా అమ్మీ చెప్పు తిన్నది."

"మైదాపిండి తింటదా?"

"గోడకున్న సినిమా పోస్టర్ తిన్నది. హీరోను, విలన్‌ను ఒక్కతీరుగనే తిన్నది. దానికి పక్షపాతం లేదు."

"మరి అక్షరాలు?"

"జర అడిగి చూద్దాం."

రాణి పై వరుస నిమ్మళంగ తిన్నది. కింది వరుసకొచ్చినంక ఊపందుకున్నది. సగం వరుస అయినంక గంట కొట్టిన్రు. దాన్ని బయటికి మలుపుదామని ఒక అట్టముక్క ఆశ చూపిచ్చి, ఆ ముక్క జేబుల పెట్టుకొని క్లాసుకురికిన.

టీచరమ్మ అరుగు చూసి నెత్తి పట్టుకున్నది. అంతలనే సారు మోటర్ సైకిల్ సప్పుడైంది.

"మొగిలీ, నువ్వే దిక్కు బిడ్డా," అన్నది. "నీకు అన్నొస్తయ్ గద. మిగిలిన అట్టలు చూసి ఏ అక్షరాలు పోయినయో చెప్పు, బిరాన రాస్త."

నేను అట్టలను చూసిన. అట్టలు నన్ను చూసినయ్. మాకు పరిచయమే లేదు.

"మాట్లాడవేందిరా?"

"సోంచాయిస్తాన టీచరమ్మా."

సారు లోపటికొచ్చిండు. సారు ఎనుకనే రాణి వచ్చింది. ఇద్దరు ఒక్కతీరు ఠీవిగనే వచ్చిన్రు. సారు కుర్సీల కూసున్నడు, రాణి సీదా నా దగ్గరికొచ్చి నా జేబుల మూతి పెట్టింది. అట్టముక్కను గుంజి అందరి ముందట నములుడు షురూ చేసింది.

క్లాసంత గొల్లుమన్నది. టీచరమ్మ నవ్వలే.

"నువ్వు పెట్టినవా దీనికి?"

"లేదు టీచరమ్మా. సదువుకుందామని అదే వచ్చింది."

సారు మీసం కింద నవ్వు దాసుకున్నడు. "సరే పిల్లగా. ఇది ఏయే అక్షరాలు తిన్నదో చెప్పు. చెప్తే నిన్ను ఇప్పుడే రెండుకు పంపుత."

నేను చిలుకమ్మ దిక్కు చూసిన. చిలుకమ్మ కప్పు దిక్కు చూసింది. మేక దిక్కు చూసిన. మేక నాదిక్కే చూసుకుంట నములుతాంది.

"ఆ ముచ్చట మేకనే అడుగుండ్రి సారూ. తిన్నది అది."

"దగ్గరుండి చూసింది నువ్వు గద?"

"చూసిన సారూ. గని చూస్తే ఏం లాభం? నాకు ఒక్క అక్షరం రాదు."

నోరు జారింది. ఇగ దాసేదేమున్నది? బొగ్గుముక్క, గుండ్రం, త్రిశూలం, మైదాపిండి, అన్నీ చెప్పిన.

టీచరమ్మ నా దగ్గరికొచ్చింది. "గన్ని మార్కలు యాదికున్నయారా నీకు?"

"అన్నున్నయ్ టీచరమ్మా."

"గన్ని మార్కలు పట్టిన తలకాయల అక్షరాలు పట్టయా? చిలుకమ్మ రెండుకు పోతది. నువ్వు కూసోని కొత్త అట్టలు రాయాలె, చిలుకమ్మ చెప్తది. మార్కలు పెడితే ఈపు పగుల్తది. అన్నీ రాసి చదివినంక రెండు సంగతి చూద్దాం. ఇంకేమన్న ఉన్నదా చెప్పేది?"

"ఉన్నది టీచరమ్మా. పై వరుస నేనే తినిపిచ్చిన. కింది వరుస మాత్రం అది సొంతంగ తిన్నది. నేను వద్దన్న."

"వద్దన్నవా?"

రాణి నములుడు ఆపి నాదిక్కు చూసింది.

"అనలే టీచరమ్మా."