పదకొండు వేల ఆరువందల అరవై మూడు

డ్రిల్లు మొన ఇత్తడి పలకకు ఆనుకుని ఉంది. మోటారు బిగించడానికి వచ్చినతను గోడ గడియారం వైపు చూశాడు.

"పెద్దాయనా, మీ లెక్క తేలేలోపు నాకు పింఛను వచ్చేలా ఉంది."

"భోజనాల వేళ దాకా ఆగమన్నారుగా బాబూ, మీ యజమాని."

"ఆగాను కాబట్టే కదండీ, ఇంకా రంధ్రం పడలేదు!"

ఆ పలక ఒక పాతకాలపు గ్రహాల యంత్రానిది; పిడి తిప్పితే గ్రహాల బొమ్మలు తిరుగుతాయి. బాగుచేస్తున్నది నా కోడలు. చివరి గ్రహాన్ని తిప్పే రెండు పళ్ల చక్రాలు ఎప్పుడో పోయాయి. పిడిని 11,663 సార్లు తిప్పితే ఆ గ్రహం ఒక్కసారి తిరగాలని పలక మీదే చెక్కి ఉంది. పిడి ఒక చుట్టు తిరిగితే మొదటి చక్రం ఒక పన్ను, అది ఒక చుట్టు తిరిగితే రెండోది ఒక పన్ను జరుగుతాయి. అంటే రెండు చక్రాల పళ్లను గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్య రావాలి. మా కోత యంత్రం నూట ఇరవై పళ్లకు మించి కోయలేదు. లెక్క కుదరకపోతే పలకను తొలిచి మోటారు పెట్టేస్తారు. ఆ పలకను మళ్లీ ఎవరూ మునుపటిలా చేయలేరు.

కోడలు పెన్సిలు కింద పెట్టింది.

"ఇది ప్రధాన సంఖ్యే మావయ్యా. దేనికీ లొంగదు. గోడ మీదున్న వాటన్నిటితో భాగించాను."

గోడ మీద ప్రధాన సంఖ్యలు రాసింది నా భార్య. ఈ పనిగది ఆవిడదే. ఆ వరుస చూసి లెక్క తేల్చుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. వరుస తొంభై ఏడు దగ్గర ఆగింది. ఆ పక్కన కిటికీ.

"అమ్మా, మీ అత్తయ్యకి సంఖ్యలు అయిపోలేదు. గోడ అయిపోయింది."

కోడలు గభాలున పెన్సిలు అందుకుంది. "ఎందాకా చూడాలి?"

"నూట తొమ్మిదిని నూట తొమ్మిదితో గుణిస్తే మన సంఖ్య దాటిపోతుంది. ఆలోపు మిగిలినవి మూడే."

నూట ఒకటి. శేషం నలభై ఎనిమిది.

నూట మూడు. శేషం ఇరవై నాలుగు.

"తగ్గుతోంది చూడు," అన్నాను.

"తగ్గితే? సంఖ్యలకి మన మీద జాలేంటి మావయ్యా!"

ఇక నూట ఏడు. అదీ కాకపోతే వెతకడానికి ఏమీ లేదు. కాగితం కదలకుండా అంచు పట్టుకున్నాను. మోటారతను డ్రిల్లు మీట మీంచి వేలు తీసి, మా మీదుగా వంగాడు.

"ఏడు తొమ్మిదులు అరవై మూడు," అని గొణిగాడు. "చివర్న కలుస్తోందండోయ్."

కోడలు గీత గీసి, కింద సున్నా పెట్టింది. నమ్మలేక మళ్లీ గుణించి చూసింది. నూట ఏడు, నూట తొమ్మిది. నూట ఎనిమిదికి అటొకటి, ఇటొకటి.

అతను ఫోను తీశాడు. "అయ్యా, చక్రాల లెక్క దొరికింది... కోయాలింకా... నమ్మకమేనా అంటున్నారమ్మా?"

కోడలు అప్పటికే కోత యంత్రానికి ఇత్తడి బిళ్ల బిగిస్తోంది. నేను నోరు తెరిచేలోపే అతను ఫోనులోకి గట్టిగా చెప్పాడు.

"నమ్మకమేనండీ. నేను కూడా గుణించి చూశాను."

అతను గుణించింది ఏడు తొమ్మిదులే. ఫోను పెట్టేసి, డ్రిల్లు మొన ఊడదీసి పెట్టెలో పెట్టుకున్నాడు.