రెండు వాటాలకు ఒక్కటే లైను

అపరిమితం అని గోడంత అక్షరాలతో రాసి, దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో పరిమితి రాసేవాళ్ళను ఏమనాలి? ఏమనాలో పెద్దకోడలు అదే అంది. అదీ వెనకాల కాదు, కంపెనీ అమ్మాయి ఫోన్లో వింటుండగానే.

"పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదేనమ్మా! అన్‌లిమిటెడ్ అంటావు, మళ్ళీ మూడువేల మూడొందల జీబీ దాటితే స్పీడు పడిపోతుందంటావు. మరి లిమిట్ లేనిదెక్కడ?"

"మామూలు ఇళ్ళల్లో అంత ఎవరూ వాడరు మేడమ్."

"మాది మామూలు ఇల్లు కాదు. రెండు వాటాలు, ఒక్కటే లైను."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కాస్త గర్వం పలికింది. ఫోన్ పెట్టేసి, కుట్టుమిషను మీద పరిచిన కాగితం మీద మొదటి కంపెనీ ఎదురుగా ఒక ప్రశ్నార్థకం గీసింది. రెండో కంపెనీ చవక, కానీ లిమిట్ వెయ్యి జీబీలే. మూడోది నిజంగానే లిమిట్ లేనిది, కాకపోతే స్పీడు నత్తకు పాఠాలు చెబుతుంది. బడి పిల్లల యూనిఫారాలు నలభై జతలు కత్తిరించాల్సి ఉండగా ఆవిడ మూడు రోజులుగా ఈ కాగితం పట్టుకునే కూర్చుంది.

కారణం ఉంది. పాత ప్లాన్ ఎత్తేస్తున్నామని, నెలాఖరులోగా కొత్తది ఎంచుకోకపోతే లైను ఆపేస్తామని ఇప్పుడున్న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అది చదివి భర్త, పేపరు వెనకాల నుంచి తల కూడా ఎత్తకుండా, "మంచి అదను. మనకో చిన్న ప్లాన్ తీసుకో. పైవాళ్ళది వాళ్ళు చూసుకుంటారు. అదొక్కటీ తెగిపోతే పీడా పోతుంది" అన్నాడు.

అదొక్కటే మిగిలింది మరి. అన్నదమ్ములిద్దరికీ మాటలు ఆగి మూడేళ్ళయింది. వాళ్ళమ్మ చనిపోయిన నెలలో, ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేదని తమ్ముడు అన్నాడు. తీసుకెళ్ళొద్దని నీ చేతులెవరు కట్టేశారని అన్న అడిగాడు. ఇద్దరిదీ దుఃఖమే. కానీ ఆ దుఃఖం ఇద్దరి నోళ్ళల్లోంచీ కోపమై వచ్చింది, చిలికి చిలికి గాలివాన అయింది. కరెంటు మీటర్లు వేరయ్యాయి, నీళ్ళ ట్యాంకులు వేరయ్యాయి, గేటు దగ్గర ఎదురుపడితే ఒకాయన చెప్పులు చూసుకుంటాడు, ఇంకొకాయన ఆకాశం చూసుకుంటాడు. వదినా మరుదుల మధ్య కూడా ఉలుకూ పలుకూ లేదు. ఇంటర్నెట్ లైను మాత్రం అత్తగారి పేరు మీద ఉండిపోయింది. ఆ పేరు కొట్టేయడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.

దాని పుణ్యమా అని నెలకోసారి, మొదటి ఆదివారం, చిన్నకోడలు వాడకం పుస్తకంలో లెక్క రాసి, తమ వాటా డబ్బివ్వడానికి కిందికి దిగేది. లైను పని కాబట్టి మగవాళ్ళెవరూ అడ్డు చెప్పేవారు కాదు. ఆ ఒక్క గంట కోసం పెద్దకోడలు నెలంతా ఎదురుచూసేది. ఒప్పుకోవడానికి సిగ్గుపడేది గానీ, అది నిజం. పదహారేళ్ళు ఒకే వంటింట్లో తిరిగిన మనుషులు. తోడికోడళ్ళంటే కత్తులు నూరుకోవాలని లోకం అంటుంది గానీ, ఆవిడకు సొంత చెల్లెలు ఉన్నా ఇంత దగ్గరయ్యేది కాదు. లైను వేరైతే ఆ గంట కూడా పోతుంది. అందుకే రెండు చిన్న ప్లాన్ల కన్నా ఒక పెద్ద ప్లానే లాభమని లెక్కతో సహా భర్త ముఖాన కొట్టాలని ఆవిడ పంతం.

ఆ పుస్తకం పుట్టుక కూడా ఒక కథే. ఇంటికి మొదటిసారి లైను వచ్చినప్పుడు నెలకు నలభై జీబీలే. అది దాటితే తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతూ కూర్చునేది, బొమ్మ వచ్చేది కాదు. అత్తగారికి జీబీ అంటే ఏమిటో తెలియదు గానీ, అయిపోయేదని తెలుసు. అయిపోయేది ఏదైనా ఆవిడ దృష్టిలో నీళ్ళలాంటిదే. ఎవరూ వాడనప్పుడు ఇంటర్నెట్ పెట్టె మీది లైట్లు మిణుకుమిణుకుమంటుంటే, "ఎవరే కట్టకుండా వదిలేసింది? కారిపోతోంది!" అని కేకేసి టక్కున స్విచ్చి ఆపేసేది. ఒకసారి పెద్దాయన, అంటే ఆవిడ పెద్దకొడుకు, ఏదో ఫారం నింపుతుండగా చివరి పేజీలో ఆపేసింది. ఆయన జుట్టు పీక్కున్నాడు. "పీక్కో నాయనా, ఆ నాలుగూ నీవే" అందావిడ.

ఎవరెంత వాడారో పుస్తకంలో రాయాలన్న చట్టం కూడా ఆవిడదే. మరిది క్రికెట్ చూసి "వార్తలు" అని రాసేవాడు. పెద్దాయన అది కొట్టేసి "క్రికెట్" అని దిద్దేవాడు. చిన్నకోడలిది వీడియోల కింద వచ్చే మాటలు టైపు చేసే పని, కాబట్టి అందరికన్నా పెద్ద అంకె ఎప్పుడూ ఆమెదే. "నీ ఒక్కదానికే సగం కోటా సరిపోదు" అని అత్తగారు దెప్పేది, దెప్పుతూనే తన సీరియల్ వాటా రెండు జీబీలు కోడలి పేరున రాయించేది.

ఇరవై ఐదో తారీఖుకల్లా కోటా ఖాళీ. ఇక నెలాఖరు దాకా ఏమీ ఆడదు. అసలు మజా అప్పుడు. హాల్లో చాప పరిచి ఆరుగురూ పేకాటకు కూర్చునేవారు. అన్నదమ్ములిద్దరూ ఒక జట్టు. కళ్ళతోనే సైగలు చేసుకుని మోసం చేసేవారు, దొరికిపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. మామగారు నిద్రపోతున్నట్టు నటిస్తూ అందరి ముక్కలూ చూసేవాడు. ఆ నవ్వులకు పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేవారు. అప్పట్లో పెద్దకోడలు కూడా ఈ దిక్కుమాలిన లిమిట్ ఎప్పుడు పోతుందా అని తిట్టుకునేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఐదు రోజులే జీవితంలా అనిపిస్తాయి. జీబీలు నలభై నుంచి వందలయ్యాయి, వందలు వేలయ్యాయి, మామగారు పోయారు, అత్తగారు పోయింది, హాల్లో చాప పరవడం మానేసి ఎన్నాళ్ళయిందో గుర్తే లేదు.

సరే, ప్లాన్ ఎంచుకోవాలంటే రెండు ఇళ్ళ వాడకం ఎంతో కచ్చితంగా తెలియాలి. కొలత లేకుండా గుడ్డ కత్తిరించే రకం కాదు ఆవిడ. శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ మెకానిక్కును పిలిపించింది. సంచీ భుజాన వేసుకుని వచ్చిన నడివయసు మనిషి అతను. పెట్టె దగ్గర కూర్చుని, తన ఫోన్లో ఏదో తెరిచి, చాలాసేపు చూశాడు.

"మీకు పెద్ద ప్లాన్ దండగమ్మా. నెలకు నూట ఇరవై జీబీ కూడా వాడట్లేదు."

"బాగా చూడండి. పైవాటాలో మా చెల్లెలు ఒక్కతే మూడొందలు వాడుతుంది. పుస్తకంలో రాసుంది."

"పుస్తకం సంగతి నాకు తెలీదమ్మా. ఇదిగో, మీ టీవీ, రెండు ఫోన్లు, అంతే. పైకెళ్ళే వైరు ఇది కదా? దీన్ని అటువైపు ఎప్పుడో పీకేశారు. పది నెలలైంది."

"పది నెలలా? మరి ఆవిడ పనెలా జరుగుతోంది?"

"పైవాళ్ళకు వేరే కంపెనీ లైనుంది కదా. వెనక గోడ మీద వైరు కనబడుతోంది, మీరు చూళ్ళేదా?"

చూసింది. రోజూ బట్టలారేస్తూ చూస్తూనే ఉంది. టీవీ వైరనుకుంది. మెకానిక్కు వెళ్ళిపోయాక పుస్తకం తీసి పది నెలల పేజీలు తిరగేసింది. ప్రతి నెలా చిన్నకోడలి గుండ్రటి చేతిరాత: పని ఫైళ్ళు, రెండు సినిమాలు, పాటలు. అంకెలు కూడా ఒక నెలకూ ఇంకో నెలకూ తేడాగా, పొందిగ్గా. పోయిన నెల ఎక్కువైందని ఆవిడే కసిరింది కూడా. "కాస్త చూసుకుని వాడు తల్లీ" అంటే, "తప్పయింది అక్కా, వచ్చే నెల తగ్గిస్తా" అని చెవులు పట్టుకుంది పిల్ల. పెద్దకోడలికి ముందు ఒళ్ళు మండింది. ఇంత అబద్ధమా, నా ఎదురుగా కూర్చుని! ఆ మంట చల్లారాక, వాడని లైనుకు పది నెలలు మెట్లు దిగి వచ్చిన మనిషి ఎందుకొచ్చి ఉంటుందో తట్టి, కుట్టుమిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఆదివారం చిన్నకోడలు వచ్చింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తన పీట మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళోకి లాక్కుంది.

"ఈసారి కాస్త పొదుపే అక్కా. రెండొందల ఎనభై. ఒక్కటే సినిమా చూశాను."

"ఏం సినిమా?"

"అదే... కొత్తది."

"కథేంటి?"

పెద్దకోడలు ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"మెకానిక్కు వచ్చాడే. పైవైరు పీకి పది నెలలైందట."

చిన్నకోడలు తల దించుకుని పుస్తకం అంచు మడుస్తూ కూర్చుంది.

"ఆయన పంతానికి పెట్టించారక్కా. మనకెందుకు వాళ్ళ లైను అన్నారు. నీకు చెబితే ఇక ఏ వంకతో కిందికి రాను? అత్తయ్య పేరు మీదున్నది, మన వాటా మనం ఇవ్వాలి అని ఆయనకు చెప్పి వచ్చేదాన్ని. ఆవిడ పేరెత్తితే ఆయన ఏమీ అనలేరు." కళ్ళు తుడుచుకుంది. "పైన నాకు లిమిట్ లేదు, స్పీడుంది, అన్నీ ఉన్నాయి. మాట్లాడే మనిషే లేదు. నువ్వు తిట్టినా బాగుండేది."

"పిచ్చిమొహమా! అబద్ధం చెప్పి మరీ తిట్లు తిన్నావటే?"

"మరేం చెయ్యను?"

ఇద్దరూ ఏడ్చారు, ఏడుస్తూనే నవ్వారు. తర్వాత పెద్దకోడలు ముక్కు చీదుకుని, మూడు కంపెనీల కాగితం తీసి, రెండో కంపెనీలోని అతి చిన్న ప్లాన్ చుట్టూ సున్నా చుట్టింది. ఒక ఇంటికి సరిపోయేది.

చిన్నకోడలి ముఖం మాడిపోయింది. "అంటే లైను తీసేస్తావా? ఇక నేను రావద్దా?"

"దొంగతనంగా రావద్దు" అంది పెద్దకోడలు. "మూడేళ్ళుగా మనిద్దరం మొగుళ్ళ కోపానికి కాపలా కాశాం. చాలు."

మర్నాడు పొద్దున పది గంటలకు ఆవిడ తల దువ్వుకుని, వీధిలో అందరూ చూస్తుండగా, బయటి మెట్లెక్కింది. "ఎక్కడికే?" అని భర్త కింద నుంచి అడిగాడు. "మా చెల్లెలి దగ్గరికి" అని అంతే గట్టిగా చెప్పింది. ఆయన పేపరు మడతపెట్టడం వినిపించింది. పదిహేడు మెట్లకే ఆవిడకు ఆయాసం వచ్చింది. సగం మోకాళ్ళ వల్ల, సగం భయం వల్ల.

పైన వరండాలో మరిది బూట్లకు పాలిష్ వేసుకుంటున్నాడు. వదినను చూసి బ్రష్షు పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"ఏంటి వదినా, నెట్ పనిచేయట్లేదా?"

"బాగానే పనిచేస్తోంది. ఊరికే వచ్చాను. మిమ్మల్ని చూసి చాలా రోజులైంది కదా."

అతను బ్రష్షు కింద పెట్టాడు. గబగబా లోపలికి వెళ్ళి, ఉన్నవాటిలో మంచి కుర్చీ తెచ్చి, దుమ్ము లేకపోయినా తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు. లోపలి నుంచి చిన్నకోడలు పరుగున వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కింద పెద్దాయన దగ్గుతున్నాడు, దగ్గు స్పష్టంగా వినిపిస్తోంది. మరిది రెయిలింగు వైపు చూశాడు, మళ్ళీ బూట్ల వైపు చూసుకున్నాడు. చివరికి ఏదో దూరదేశంలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు, మెల్లగా అడిగాడు.

"అన్నయ్య బాగున్నాడా?"

పెద్దకోడలు రెయిలింగు అవతలికి, కిందికి చెయ్యి చూపించింది.

"కిందే ఉన్నాడు నాయనా" అంది. "వెళ్ళి నువ్వే అడుగు."