ఉలవలు తొక్కిన ఎర్ర కారు

సాలూరులో లారీ లేని ఇల్లు ఉంటే ఉండొచ్చు గానీ లారీ మాట లేని ఇల్లు లేదు. పొద్దున్న లేస్తే టైర్లు, కిరాయిలు, ఘాటీ దిగుతుంటే బ్రేకులు పట్టని కబుర్లు. అలాంటి ఊళ్ళో, అరవై ఏడో సంవత్సరంలో, బియ్యం దొరక్క జనం మూడుపూటలా చోడి అంబలితో సరిపెట్టుకుంటున్న రోజుల్లో, జగన్నాధం ఒక ఎర్ర కారు కొన్నాడు.

కారంటే పెళ్ళివారికి అద్దెకిచ్చే నల్లకారు లాంటిది కాదు. టాపు లేదు. వెనక సీటు లేదు. పక్కన నిలబడితే మనిషి నడుము దాకా కూడా రాదు. మాంగనీసు గనుల్లో పనిచేసిన ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ వదిలించుకున్న బండి. అది ఎంత తేలికంటే, కొన్న కొత్తలో చక్రం కాలువలో దిగబడితే, ఊడ్పుల నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళు నలుగురు గంపలు దించి, చక్రం పైకెత్తి రోడ్డు మీద పెట్టి, ఆ గంపలు మళ్ళీ నెత్తినెత్తుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. రెండు లారీల సొంతదారు, మీసాలు రాకముందే క్లీనరుగా చేరి స్టీరింగు పట్టినవాడు, తల్లీ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ ఉన్న సంసారి, ఒక్క మనిషిని మాత్రం ఎక్కించుకునే కారు ఎందుకు కొన్నాడో ఎవరికీ అంతుబట్టలేదు. అడిగితే నవ్వేవాడు. రోజూ ఆ కారులోనే లారీల షెడ్డుకి వెళ్ళేవాడు. ఆదివారం వస్తే రామభద్రపురం దాకా పోయి, అక్కడ టీ తాగి, ఏ పనీ లేకుండా తిరిగొచ్చేవాడు. పెట్రోలు తగలేసి టీ తాగడమేమిటని తల్లి కూర్మమ్మ సణిగేది.

కూర్మమ్మ కోడల్ని ఆటపట్టించేది కూడా. కోడలు లక్ష్మీనరసమ్మ పరాయి పిల్ల కాదు, స్వయానా ఆవిడ తమ్ముడి కూతురు. "నీకు సవితి వచ్చినాదే గుంటా. ఎర్రకోక కట్టి మరీ వచ్చినాది," అనేది మేనత్త. నరసమ్మ నవ్వేది. నవ్వకేం చేస్తుంది? పొద్దున్నే పళ్ళు తోముకోక ముందే మొగుడు దాన్ని కడిగేవాడు. తుడవడానికి మెత్తని గుడ్డ కావాలంటే తన పాత వాయిలు చీర తనే చింపి ఇచ్చింది. తుడుస్తూ దానితో ఏదో మాట్లాడేవాడు కూడా. ఇంట్లోకి వచ్చాక మాత్రం అన్నం, ఉప్పు, పిల్లల ఫీజు. ఈ మూడు దాటి మాట వచ్చేది కాదు.

చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, పరాయి గుమ్మం తొక్కడు. అయినా ఆ మనిషి మనసులో తనకంటూ ఓ పీటైనా ఉందా లేదా అన్నది నరసమ్మకి తెలియలేదు. ఈ మాట ఎవరితో అంటే ఏం బాగుంటుంది? కడుపు నిండిన కబుర్లంటారు. అందుకని అనలేదు గానీ, ఆ సందేహం మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

చిన్నవాడికి ఆటలమ్మ పోసినప్పుడు, తగ్గితే శ్రీకూర్మం వస్తానని నరసమ్మ మొక్కుకుంది. ఆ మొక్కు అలా వాయిదా పడుతూ వచ్చి, మాఘమాసంలో ఒకరోజు జగన్నాధమే కదిపాడు. బస్సులు మారుతూ ఎందుకు, కారులో మనిద్దరమే పోదామన్నాడు. పిల్లలు ఏడ్చారు. కూర్మమ్మ మూతి తిప్పింది. టాపు లేని బండిలో మొగుడి పక్కన కూర్చుని ఊరి మధ్యనుంచి ఎలా పోతుందమ్మా అని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు. నరసమ్మకీ సిగ్గేసింది. కానీ మనిద్దరమే అన్నాడు కదా, ఆ ఒక్క మాట కోసం ఒప్పుకుంది.

ఉదయం పట్టుచీర కట్టుకుని వస్తే, ఎడమ తలుపు తీసి కూర్చోబెట్టాడు. ఆ తలుపు గొళ్ళెం అరిగిపోయింది. దారిలో ఊడి తెరుచుకుంటుందేమోనని ఇనపతీగ మెలిపెట్టి బయటినుంచి బిగించాడు. దిగేటప్పుడు తనే వచ్చి విప్పుతానని చెప్పాడు. గాలికి ఎగరకుండా కొంగు గట్టిగా దోపుకొమ్మన్నాడు.

ఊరు దాటాక నరసమ్మకి భయం పోయింది. రోడ్డుకి జానెడెత్తున, కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే, చాప మీద కూర్చున్న మనిషిని ఆ చాపే లాక్కుపోతున్నట్టుంది. చింతచెట్ల నీడలు ముఖం మీదుగా పరిగెత్తాయి. ఇదా ఈయన పిచ్చి అనుకుంది. పిచ్చి తనకీ కొంచెం అంటుకుంది.

అన్నిటికంటే వింత, జగన్నాధం మాట్లాడాడు. క్లీనరుగా ఉన్నప్పుడు లోడు మీద టార్పాలిన్ కింద పడుకుని ఘాటీ దిగిన సంగతులు, నిద్రలో జారి పడబోతే డ్రైవరు జుట్టు పట్టుకుని లాగిన సంగతి, నరసమ్మకి ఏనాడూ తెలియనివన్నీ చెప్పాడు. లారీ అంటే కుస్తీ, రోజంతా పట్టుబట్టి లొంగదీసుకోవాలన్నాడు. ఇది వేలితో చెబితే తిరుగుతుందట. ఈ కారులో కూర్చున్నంతసేపూ ఎవడి బరువూ మొయ్యక్కర్లేదని తనకి హాయిగా ఉంటుందట. చివరికి రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఇకమీదట ఆదివారాలు నువ్వూ వచ్చియ్యే. ఒక్కడినీ ఎల్తే ఏటి బాగున్నాది?"

నరసమ్మ గొంతులో ముల్లు కిందికి జారిపోయినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే గాలికి అనుకోనీ అని తుడుచుకోలేదు కూడా. ఇన్నేళ్ళ సందేహం తీరడానికి ఇంత చిన్న మాట చాలా అని తనమీద తనకే నవ్వొచ్చింది. ఆ రోడ్డు మీద ఆ పూట అంత సంతోషంగా ఉన్న మనిషి మరొకరు లేరు.

రామభద్రపురం దాటి కొంత దూరం పోయాక, రోడ్డుకి అడ్డంగా ఉలవలు పరిచి ఉన్నాయి. ఆ వైపు మెట్ట రైతులకి అది మామూలే. ఎండిన ఉలవ మొక్కలు కోసి తెచ్చి తారురోడ్డు మీద మందంగా పరుస్తారు. సాలూరు లారీలు వాటి మీదుగా పోతే కాయ చిట్లి గింజ రాలుతుంది. ఎడ్లతో తొక్కించే శ్రమ తప్పుతుంది. డ్రైవర్లు కూడా మర్యాద తెలిసినవాళ్ళు, పక్కకి తప్పుకోరు. పక్కనుంచి పోయినవాణ్ణి, రైతు కష్టం తెలియని పొగరుబోతని తిట్టుకుంటారు.

జగన్నాధం ఇలాంటివి ఎన్ని తొక్కించాడో లెక్కే లేదు. చెయ్యి అలవాటున స్టీరింగు తిన్నగా పట్టింది. ఎర్ర కారు ఉలవల మీదకి ఎక్కి, చరచరమని దాటింది. రోడ్డు పక్కన ఉలవల యజమానురాలు తవిటమ్మ నిలబడి ఉంది. పెద్దావిడ, చేతిలో మొక్కలు తిరగేసే కర్ర. ఆవిడ ఇంటి మగవాళ్ళూ కూలీలూ గట్టు మీద అంబలి తాగుతున్నారు. పొద్దుట్నుంచీ లారీలు తక్కువ వచ్చాయని ఆవిడ బెంగ.

"ఇంకోపాలి తొక్కించీ నాయినా. నీకు పున్నెముంటాది," అంది.

ఇలాంటి బండి తోలేవాణ్ణి ఆ మాట అడిగితే ఆగుతాడా? అందులోనూ పక్కన పెళ్ళాం. జగన్నాధం వెనక్కి తొక్కించాడు, ముందుకి తొక్కించాడు, మళ్ళీ వెనక్కి. గట్టు మీద మగవాళ్ళు అంబలి ముంతలు పట్టుకుని నవ్వుతూ చూశారు. నరసమ్మ కూడా నవ్వింది. లారీకి కింద మనిషి పాకిపోయేంత ఖాళీ ఉంటుందనీ, ఈ కారుకి నేలకీ మధ్య బెత్తెడు కూడా లేదనీ, ఎండుమొక్కలన్నీ పోయి కాలుతున్న సైలెన్సరుకి చుట్టుకుంటున్నాయనీ ఎవరికి తట్టింది? లారీ బుర్రకి లారీయే తెలుసు.

మొదట వాసన నరసమ్మకే తెలిసింది. బావా, ఏదో కాలుతోందని అంది. ఇంజను శబ్దంలో అతనికి వినబడలేదు. పాదాల కింద రేకు వెచ్చబడింది, తర్వాత చురుక్కుమంది. తన వైపు అంచునుంచి పొగ లేచింది. ఆ వెనకే మంట, చీర కుచ్చెళ్ళంత ఎత్తున.

కారు ఉలవల నడిమధ్య ఆగిపోయింది. జగన్నాధం తన వైపు తలుపు మీదుగా ఒక్క దూకు దూకాడు. ఇటు తిరుగుతాడు, వచ్చి తీగ విప్పుతాడు అనుకుంది నరసమ్మ. అనుకోవడం కూడా కాదు, అంత ఖాయంగా ఉంది ఆమెకి. రెండు చేతులూ అతనివైపు చాపి కూర్చుంది. జగన్నాధం గట్టువైపు పరిగెత్తాడు. "బండి, బండి కాలిపోతన్నాది. ఎత్తండిరా, బేగి ఎత్తండి," అని అరుస్తున్నాడు. పరిగెత్తి వెళ్ళి, మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, కారు ముక్కు ముందు కూలబడి దోసిళ్ళతో ఇసక ఎత్తి పోస్తున్నాడు. అద్దానికి అవతల అతని ముఖం బారెడు దూరంలో ఉంది. కళ్ళు నరసమ్మ మీదుగా వెళ్ళాయి గానీ ఆగలేదు.

ఆమెకి అరవాలని తోచలేదు. తలుపు నెట్టింది, రాలేదు. ఆ తలుపు దాటడం పెద్ద పనేం కాదు, పిల్లలు కూడా దాటుతారు. కానీ ఆమె లేవలేదు. పాదం కాలుతోందని తెలుస్తోంది, తీయాలని తెలియడం లేదు. అతని ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది.

చంకల కింద రెండు చేతులు పడ్డాయి. తవిటమ్మ. ముసలావిడ ఆమెని తలుపు మీదుగా బస్తాలా పైకి లాగి, తను వెనక్కి పడి, ఇద్దరూ దొర్లి రోడ్డు దిగువకి పోయారు. నరసమ్మ చీర అంచు ముడుచుకుపోయి కాలుతుంటే తవిటమ్మ తన ముతక కోకతో నలిపి ఆర్పింది. ఆ క్షణానే మగవాళ్ళు కారుని అటూ ఇటూ పట్టి, మంటలోంచి లేపి, మోసుకుపోయి అవతల దుక్కిలో దింపారు. ఎర్ర కారు బతికింది. ఉలవలు బతకలేదు. ఆ ఎండుమొక్కల మీద మంట గాలికి ఒక కొసనుంచి ఇంకో కొసకి పాకిపోయింది. కర్రలతో లాగబోయినవాళ్ళు వేడికి వెనక్కి తగ్గారు. ఒక ఇంటి ఏడాది పంట అందరి కళ్ళ ముందూ బూడిదైపోయింది.

జగన్నాధం కారు చుట్టూ తిరిగాడు. కింద పడుకుని చూశాడు. మూత ఎత్తి చూశాడు. రంగు కొంత నల్లబడింది, అంతే. లేచి నిలబడినప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది. పొక్కులెక్కిన చేతులు చూపించి కూలీలతో నవ్వాడు కూడా. ఏటీ అవలేదు, ఏటీ అవలేదని అన్నాడు. అప్పుడు రోడ్డు దిగువన తడిగుడ్డ చుట్టిన పాదంతో కూర్చున్న భార్య కనబడింది.

"నువ్వెప్పుడు దిగిపోనావే?" అని అడిగాడు.

వెక్కిరింపు కాదు, దబాయింపు కాదు. నిజంగానే తెలియక అడిగాడు. నరసమ్మ బదులు తవిటమ్మ చెప్పింది, కాలిపోయిన తన పంటవైపే చూస్తూ.

"ఆయమ్మ దిగనేదు నాయినా. నేనే లాగినాను."

జగన్నాధం నవ్వు ముఖం మీద అలాగే కాసేపు ఉండిపోయింది, దాన్ని తీయడం తెలియనట్టు. కారు వైపు చూశాడు. ఎడమ తలుపుకి తీగ మెలి మెలిగానే ఉంది. అలాగే మట్టిలో కూలబడ్డాడు. ఉలవలు ఇంకా చిటపటలాడుతున్నాయి.

తవిటమ్మ ఏడవలేదు, తిట్టలేదు. రెండోసారి తొక్కించమన్నది తనే కదా, ఎవర్ని అనాలి అంది. జగన్నాధం తల ఎత్తకుండానే, పంట నష్టం తనే ఇచ్చుకుంటానని కూలీల సాక్షిగా చెప్పాడు. లారీ మీద ఉలవ బస్తాలు పంపుతానన్నాడు. ఆవిడ సరేనంది. ఆ మాట నిలబెట్టుకున్నాడని కూడా చెప్పుకోవాలి.

ఇంతలో విజయనగరం నుంచి సాలూరు పోయే లారీ వచ్చి ఆగింది. డ్రైవరు ఎరిగినవాడే, కొండబాబు. విషయం విని, వదినగారిని ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు. నరసమ్మ తవిటమ్మ భుజం పట్టుకుని లేచింది. కుంటుతూ లారీ దాకా వెళ్ళింది. జగన్నాధం వచ్చి చెయ్యి అందించబోయి, ఆ పొక్కుల చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. మేనత్త కొడుకు, చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి. అతనంత బెదిరిపోవడం నరసమ్మ ఎప్పుడూ చూడలేదు. జాలేసింది. జాలి తప్ప ఇంకేమీ కలగలేదు, అదే ఆమెని భయపెట్టింది.

"అమ్మెత్తాను నరసా. రేపే అమ్మెత్తాను దాన్ని," అన్నాడు.

నరసమ్మ క్యాబిన్ లోకి ఎక్కి, కాలు సర్దుకుని, అప్పుడు అతనివైపు తిరిగింది.

"దాన్నెందుకు అమ్మడం బావా? నన్ను మర్సిపోనాది అది కాదు కదా."

కొండబాబు ఎవరి ముఖమూ చూడకుండా గేరు వేశాడు. లారీ ఉలవల మసి మీదుగా తిన్నగా పోయింది. జగన్నాధం రోడ్డు మధ్యనే నిలబడిపోయాడు, వెనకనుంచి వచ్చిన ఇంకో లారీ హారను కొట్టేదాకా.