గాడి లేని స్క్రూ

ఆ ఇంట్లో పొద్దున్నే చీపురు పట్టేది అత్తగారు. ఊడ్చిన చెత్తలోంచి ముందు స్క్రూలు ఏరి బిస్కెట్ల డబ్బాలో వేసి, ఆ తర్వాతే చెత్త బయట పారేస్తుంది. ఎవరి మీదైనా అనుమానం వచ్చి, ఆ మాట పైకి అనకుండా మింగేస్తే ఆ ఇంట్లో టక్కుమని ఒక స్క్రూ రాలుతుంది. ఒక అనుమానానికి ఒకటే. దాన్ని ఎన్నాళ్ళు పెంచి పోషించినా రెండోది రాలదు. చూడ్డానికి మామూలు స్క్రూలాగే ఉంటుంది కానీ తల మీద గాడి ఉండదు, కాబట్టి ఏ స్క్రూడ్రైవరూ దాన్ని తిప్పలేదు. ఎవరిదో తేల్చడం కష్టమేం కాదు. ఎవరిదైతే వాళ్ళ చేతికి వెచ్చగా ఉంటుంది, మిగతా వాళ్ళకి చల్లగా తగులుతుంది. అనుమానించిన మనిషి ముఖం మీదే ఆ మాట చెప్పేస్తే గాడి పడుతుంది. వంటింట్లో అరలు, వీధి తలుపు గొళ్ళెం, అన్నీ అత్తగారు అలా చెప్పేసిన వాటితోనే బిగించారు. ఆవిడ కడుపులో ఏ మాటా పట్టుమని పది నిమిషాలు నిలవదు. అందుకే ఇల్లు గట్టిగా ఉంది.

కోడలు ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను ప్లానమ్మ అంటారు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆమెది ఒక్క స్క్రూ కూడా రాలలేదు. ఆ సంగతి ఆమే నలుగురిలో చెప్పుకునేది.

"నాకు అనుమానాలుండవండీ. నేను గమనిస్తానంతే" అనేది.

ఆ రోజు సాయంత్రం ఐదు లోపల ఆమె ఒక బడి భవనం ప్లాన్ పంపాలి. కంపెనీ వాళ్ళకి నచ్చితే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. పంపలేకపోతే ఒకటో తారీకు నుంచి భర్త కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ దగ్గర కూర్చోవాలి. మొగుడూ పెళ్ళాం అలాగని ముందే ఒప్పుకున్నారు. షాపు మంచిదే. కానీ ఫ్రేములు తుడుస్తూ, 'ఈ జోడు మీ మొహానికి భలే నప్పిందండీ' అని పొద్దస్తమానం అనడం ఆమె వల్ల కాదు. ఆ ఊహకే ఆమెకి దిగులు పుట్టేది.

తొమ్మిది గంటలకి ఆమె కంప్యూటర్ మీట నొక్కింది. లోపల ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అర చుట్టే. ఇంకా రెండు షీట్లు గీయాల్సి ఉంది.

ఆ కంప్యూటర్‌కి నాలుగు రోజుల వయసు. మరిది కొత్త సామాను కొనుక్కొచ్చి, ఒక్కొక్కటీ అమర్చి తయారు చేశాడు. ఇంకో ఫ్యాను రావాల్సి ఉందని పక్క రేకు మాత్రం బిగించలేదు. పని మొదలెట్టే ముందు స్క్రూలన్నీ లెక్కపెట్టి కోడిగుడ్ల అట్టలో గుంటకిన్ని చొప్పున సర్దుకోవడం అతని అలవాటు. అట్ట ఖాళీ అయితేనే పని అయినట్టు.

కబురు అందగానే మరిది వచ్చాడు. కరెంటు వస్తోందో లేదోనని ముందు ఆ ప్లగ్గులో టేబుల్ ల్యాంపు పెట్టి చూశాడు. వెలిగింది. వైరు మార్చాడు. వెనకవైపు స్విచ్చి చూశాడు. మెమరీ బద్దలు తీసి, ఊది, మళ్ళీ నొక్కిపెట్టాడు. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగింది.

"ఏదైనా సరిగ్గా బిగించలేదా నువ్వు?" అని వదిన సూటిగానే అడిగేసింది.

"అట్ట ఖాళీ అయింది వదినా. నిన్న రాత్రి దాకా పరుగెత్తిన మిషను, పొద్దున్నే బిగింపు మర్చిపోతుందా? దీన్నెవరైనా కదిపారా?"

ఇద్దరూ అత్తగారి వైపు చూశారు.

"తడిబట్ట పెట్టేటప్పుడు కాస్త వంచి పక్కకి జరిపాను. చుక్క నీళ్ళు తగలనిస్తే అడగండి" అందావిడ. అంటుండగానే ఆవిడ కాళ్ళ దగ్గర టక్కుమంది. మరిది వంగి పసుపురంగు స్క్రూ ఒకటి తీశాడు.

"ఇదెవరి మీదమ్మా?"

"నీ మీదేరా. కొత్త సామానని చెప్పి పాతది అంటగట్టావేమోనని."

ఆ మాటతో స్క్రూ తల మీద చక్కగా గాడి పడింది. "రసీదులు చూపిస్తాను, నీకు దణ్ణం పెడతాను, పక్కకి జరుగు" అంటూ మరిది దాన్ని డబ్బాలో పడేసి మళ్ళీ పనిలో పడ్డాడు.

ప్లానమ్మ మాత్రం ఆ ఇద్దరి సంగతీ అప్పుడే వదిలేసింది. ఆమె గమనిస్తున్నది మూడో మనిషిని.

నాలుగు రోజుల కింద ఆమె ఈ తెరిచి ఉన్న కంప్యూటర్ పెట్టె పక్కనే నిలబడి ఉండగా, భర్త వరండాలో ఫోన్లో మాట్లాడాడు. "కుర్చీ అందిందండీ. చేతులకి రెండు స్క్రూలు తక్కువొచ్చాయి. కౌంటర్ దగ్గరికే, మా ఆవిడ కోసం" అన్నాడు. ప్లాన్ ఇంకా సగం కూడా కాలేదు, అప్పుడే కుర్చీ కొనేశాడన్నమాట. ఆమె కిక్కురుమనలేదు. ఇక ఇవాళ తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, ఆయన టార్చిలైటు పట్టుకుని ఈ కంప్యూటర్ బల్ల కింద మోకాళ్ళ మీద ఉన్నాడు. ఏదో తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని నిద్ర నటించింది. ఇప్పుడు మిషను లేవడం లేదు. ఇందులో అనుమానించడానికి ఏముంది, కళ్ళారా చూసిందే కదా అనుకుంది. తన కాళ్ళ దగ్గర ఏదీ రాలలేదు కూడా. దాంతో ఆమెకి ఇంకా ధైర్యం వచ్చింది.

ఒంటిగంటకి భర్త భోజనానికి వచ్చాడు. గది నిండా పరిచిన సామాను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది?"

"మీకే తెలియాలి" అనబోయి, "లేవడం లేదు" అని ఊరుకుంది.

అప్పటికి మరిది అన్నీ పీకేసి, బోర్డూ మెమరీ మాత్రం ఉంచి చూశాడు. అప్పుడూ అర చుట్టే. "ఎక్కడో షార్ట్ అవుతోంది వదినా. బోర్డు బయటికి తీస్తే గానీ తేలదు" అంటూ ఒక్కో స్క్రూ ఊడదీసి గుడ్ల అట్టలో వేశాడు. బోర్డు పైకెత్తాడు. దాని వెనక, రేకుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుని ఉంది, తెల్లటి స్క్రూ.

ప్లానమ్మ, భర్త షాపు నుంచి వచ్చిన పట్టకారుతో దాన్ని పైకి తీసింది. మరిది అట్టలో గుంటలన్నీ లెక్కపెట్టాడు. "నావి సరిపోయాయి" అన్నాడు. వెలుగులో తిప్పి చూస్తే తల నున్నగా ఉంది, గాడి లేదు.

"అత్తయ్యా, చెయ్యి పట్టండి."

"నావన్నీ పసుపేనే తల్లీ" అంటూనే ఆవిడ చెయ్యి చాపింది. చల్లగా ఉందంది. మరిది అరచేతిలోనూ చల్లగానే ఉంది.  ప్లానమ్మ పట్టకారు పట్టుకుని భర్త ముందుకొచ్చి నిలబడింది.

"మీరు."

ఆయన అరచెయ్యి తెరిచాడు. "చల్లగానే ఉంది" అన్నాడు.

"అబద్ధం" అంటూ ఆమె పట్టకారు పక్కన పెట్టి, వేళ్ళతోనే ఆ స్క్రూ లాక్కుంది. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా బొత్తాంలా వెచ్చగా ఉంది.

 "ఆరేళ్ళకి బోణీ అయింది" అంది అత్తగారు.

ప్లానమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఫోన్ మాట విన్న రోజున ఆ పెట్టెలో ఎక్కడో టక్కుమన్న చప్పుడు ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు పట్టించుకోలేదు. అది మూలన పడి ఉండి, పొద్దున అత్తగారు పెట్టె వంచగానే బోర్డు వెనక్కి జారినట్టుంది. తన ఉద్యోగానికి అడ్డం పడింది తన స్క్రూనే. చెప్పకుండా ఇంకెంతసేపు?

"నాకీ ఉద్యోగం రాకూడదని మీరు కోరుకుంటున్నారనుకున్నాను" అంది భర్తతో. "ఆ కుర్చీ సంగతి ఫోన్లో విన్నప్పటి నుంచీ. మిషను చెడగొట్టింది కూడా మీరే అనుకున్నాను. తెల్లవారుజామున బల్ల కింద ఏం తీశారు?"

 ఆయన జేబులో చెయ్యి పెట్టి, చదును తల ఉన్న స్క్రూ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. దానికీ గాడి లేదు.

"మంచినీళ్ళకి లేచాను. నిన్న రాత్రి నువ్వు, 'రేపటితో అయిపోతుంది' అన్నావు చూడు, ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. ఉద్యోగం వస్తే నువ్వింక షాపు గడప తొక్కవేమో, నేనూ నా షాపూ నీ కంటికి ఆనమేమో అనుకున్నాను. ఇది రాలి బల్ల కిందకి దొర్లింది. అమ్మ చీపురుకి దొరక్కూడదని తీసి దాచాను" అన్నాడు. "మిషను జోలికి నేను పోలేదు. కానీ నువ్వనుకున్నదాంట్లో సగం నిజమే. రాకూడదనే కోరుకున్నాను."

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆరేళ్ళలో ఆయన ఇంత మాట ఇంత నేరుగా చెప్పడం ఇదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చేతిలోని స్క్రూకీ, బల్ల మీది స్క్రూకీ సన్నగా గాడి పడింది.

"మీ మాటలయ్యాయా? మీట నొక్కనా?" అన్నాడు మరిది. అప్పటికే బోర్డు మళ్ళీ బిగించేశాడు. ఫ్యాను ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, ఇక ఆగలేదు. తెర వెలిగింది. టైము రెండున్నర.

ఐదుకి పది నిమిషాలుందనగా ప్లాన్ వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. సోమవారం నుంచి పనిలో చేరమన్నారు.

కౌంటర్ దగ్గర కూర్చోవడానికి అత్తగారు ముందుకొచ్చింది. కొనకుండా వెళ్ళే ప్రతి మనిషి మీదా ఆవిడకి ఏదో ఒకటి తోస్తుంది, అది వాళ్ళ ముఖం మీదే అనేస్తుంది. వచ్చినవాళ్ళు మాత్రం నవ్వుకుంటూ మళ్ళీ వస్తున్నారు.

ఆదివారం సాయంత్రం భర్త షాపు నుంచి ఆ కుర్చీని ఆటోలో వేసుకొచ్చాడు. బల్ల ముందు పెట్టి, చేతులు అమర్చి, కుడిచేతికి తెల్ల స్క్రూ, ఎడమచేతికి తన చదును తల స్క్రూ పెట్టి బిగించాడు. రెండూ అతికినట్టు సరిపోయాయి. కుర్చీ చేతులు పట్టుకుని ఊపి చూశాడు. కుర్చీ కదల్లేదు.

"కూర్చో" అన్నాడు.

ఆమె కూర్చుని కంప్యూటర్ మీట నొక్కింది.