దిష్టిచుక్క లేని పాట

జావ పెట్టే వేళకు గిన్నె తల్లి చేతిలో, ఫ్లూటు కూతురి చేతిలో ఉండేవి. కూతురు వాయించడం మొదలుపెడితే తండ్రి నోరు తెరిచేవాడు. ఆపితే మూసేసేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయాక ఆయనకు మిగిలిన పట్టుదల అదొక్కటే. మాట లేదు, నడక లేదు, పాట లేనిదే చెంచాడు జావ దిగేది కాదు. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం వేస్తే ఎడమచేత్తో పీకేసుకున్నాడు.

"కాస్త సాగదియ్యవే, ఇంకా సగం గిన్నె ఉంది" అనేది తల్లి.

"నాకున్నది ఊపిరమ్మా, ఫ్యాను కాదు."

ఆ పాట ఆయనదే. లిఫ్టు మెకానిక్కుగా ఉన్నన్నాళ్ళూ లిఫ్టు గోతుల్లో దిగి, తాళ్ళకు గ్రీజు పట్టిస్తూ, ఈలతో కట్టుకున్నాడు. ఖాళీ గోతిలో ఈల వేస్తే ప్రతి స్వరమూ పైదాకా పోయి తిరిగొస్తుంది. అది వచ్చేదాకా ఆగి తరవాతది వేసేవాడు. అందుకే అంత నెమ్మదైన పాట. ఆ ఇంట్లోవాళ్ళకు, కూతురికి సంగీతం నేర్పే మాస్టారికి తప్ప అది ఎవరికీ తెలియదు.

కూతురు దాన్ని ఎప్పుడూ ఒక తప్పుతోనే వాయించేది. చివర్లో పైకి వెళ్ళవలసిన చోట కిందే ఆగిపోయేది. తల్లి తరఫు ఆడవాళ్ళకు అది తప్పదు. వాళ్ళు ఏ పాటనైనా ఒక్క తప్పూ లేకుండా వాయిస్తే ఆ పాట వెళ్ళిపోతుంది. వాయించినవాళ్ళ బుర్రలోంచీ, విన్నవాళ్ళ బుర్రల్లోంచీ, అసలు అలాంటిదొకటి ఉండేదన్న గుర్తుతో సహా. అందుకని పసిపిల్ల బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు, ప్రతి పాటలోనూ ఎక్కడో ఒక తప్పు పెట్టుకునేవాళ్ళు. తల్లి చిన్నప్పుడే విసుగొచ్చి ఫ్లూటు మానేసి, బట్టలకొట్లో ప్యాంట్ల అంచులు కుట్టే పనికి చేరింది. "ఎంత సరిగ్గా కుట్టినా ప్యాంటు ఎక్కడికీ పోదు" అనేది.

విశ్వవిద్యాలయంలో సంగీతం సీటుకు రెండు పాటలు వాయించాలి, వేగంగా సాగేది ఒకటి, నెమ్మదిగా సాగేది ఒకటి. పోయినేడాది కూతురు తప్పులు ఉంచుకునే వాయించింది. "చెయ్యి మంచిదే, తప్పు ముదిరిపోయింది" అని పంపేశారు. ఇంకో ఏడాది ఆగితే వయసు దాటిపోతుంది. ఇలాంటి ఇళ్ళ పిల్లలు అప్పుడప్పుడూ వస్తుంటారు కాబట్టి పరీక్షకులు వింటూనే మార్కులు వేసేస్తారు. విన్నది మరిచిపోయినా అంకె ఉంటుంది. నష్టమంతా వాయించినవాళ్ళదే.

వేగంగా సాగేది పుస్తకంలోది. పోతే పోయింది. చిక్కంతా రెండోదానితో వచ్చింది. మాస్టారు పియానో ముందు కూర్చుని ఒక్కొక్కటే వాయించమన్నాడు.

"ఇది వద్దు. బస్సుల వేళలు చదువుతున్నట్టుంది."

ఇంకొకటి వాయించింది.

"ఇదీ వద్దు. అదే బస్సు, ఆలస్యంగా వచ్చింది."

చిన్నప్పుడు గొప్పలకు పోయి, మంచి మంచి పాటలన్నీ తప్పు లేకుండా వాయించి తగలేసుకుంది. మిగిలినవి ఇవి. చివరికి మాస్టారు కళ్ళజోడు తీసి, "మీ నాన్నది వాయించు" అన్నాడు.

వాయించింది. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"సీటు వస్తే దీనితోనే వస్తుంది."

"మరి నాన్న?"

"నేను సంగీతం మాస్టార్ని, డాక్టర్ని కాను" అని ఆయన పియానో మూత వేసేశాడు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. "సీటూ వద్దు, ఏమీ వద్దు. మానేస్తా."

"మానేసి? నా పక్కన కూర్చుని కాజాలు కుడతావా? ఆయన ఇంకెన్నాళ్ళుంటారని?" తండ్రి వింటుండగానే అనేసింది తల్లి. అనేసి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. తరవాత చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "నేను హాల్లోకి రాను. దూరంగా కూర్చుంటా. నేను వినకపోతే నాకు గుర్తుంటుంది కదా. పూటపూటా నేనే పాడి పెడతా."

"నీ గొంతుతోనా?"

"మీ నాన్న నన్ను చేసుకున్నది గొంతు చూసి కాదులే."

ఆ పూటే ప్రయత్నించింది. తల్లి గొంతులో తప్పులకు కొదవ లేదు కాబట్టి పాట పోతుందన్న భయం లేదు. తండ్రి మొదట మొహం చిట్లించాడు. కళ్ళు మూసుకున్నాడు. చివరికి నోరు తెరిచాడు.

"చూశావా, అలవాటు పడతారు" అంది తల్లి. కూతురు ఆ వారమంతా మాస్టారింట్లో, తప్పు తీసేయవలసిన ఆ ఒక్క చోటునే, పాటంతా కలపకుండా ముక్కగా సాధన చేసింది.

పరీక్షనాడు తండ్రి దగ్గర పక్కింటి చెవిటి అవ్వను కూర్చోబెట్టి వెళ్ళారు. హాలు బయట నడవాలో బల్ల మీద తల్లి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. లోపల మాస్టారు పియానో మీద తోడు పట్టాడు. మొదటి పాట అయ్యాక ఒక పరీక్షకుడు, "ఇక మొదలుపెట్టమ్మా" అన్నాడు. పక్కావిడ ఆయన కాగితం మీది అంకెను వేలితో చూపించింది. "ఓహో, అయిపోయిందా. అయితే రెండోది."

కూతురు తండ్రి పాట ఎత్తుకుంది.

దూది ఉన్నా తల్లికి సంగతి తెలుస్తూనే ఉంది. అవతలి గదుల ముందు కూర్చున్నవాళ్ళు మాటలాపి ఇటు తిరిగారు. భర్త పడిపోయిన దగ్గర్నుంచీ ఆమె ఆ పాటను తప్పుతోనే వింటోంది. పూటపూటా, చెంచా ఎత్తి పట్టుకుని, అది పైకి వెళ్ళవలసిన చోట ఆగిపోతుంటే, చీకట్లో మెట్టనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టుండేది. ఒక్కసారి ఆ పై మెట్టు విందామనిపించింది. ఆ చివరి ముక్క ఒక్కటీ వింటే మిగతా పాట ఎక్కడికి పోతుంది? అంచు చూసినంత మాత్రాన ప్యాంటంతా చూసినట్టా? లేచింది. దూది తీసింది. తలుపుకు చెవి ఆనించింది.

పాట పైకి వెళ్ళింది.

కాసేపటికి కూతురు తలుపు తీసి బయటికి వచ్చింది. తల్లి చేతిలో దూది ఉంది. అదెందుకు పట్టుకుందో తెలియక చెత్తబుట్టలో వేసింది.

"ఎలా వాయించావు?"

"ఏం వాయించానో గుర్తు లేదు. మార్కులు మాత్రం బాగా వేశారట. మాస్టారికీ ఏం గుర్తు లేదు, ఊరికే కళ్ళు తుడుచుకుంటున్నారు."

"మంచిది. పద, మీ నాన్నకు జావ వేళైంది."

సీటు వచ్చింది. తండ్రి మాత్రం పరీక్ష నుంచి వచ్చిన పూట నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. తల్లి జావలో పాలు పోసి చూసింది, పంచదార వేసి చూసింది. బతిమాలింది, తిట్టింది. డాక్టరు వచ్చి, గొంతులో ఏమీ అడ్డం లేదన్నాడు. కూతురు మంచం పక్కన నిలబడేది. ఆ వేళకు చేతులతో ఏం చెయ్యాలో తోచక ఒకసారి కట్టుకునేది, ఒకసారి వదిలేసేది. తండ్రి చూపు ఆమె చేతుల మీది నుంచి కదిలేది కాదు.

ఒకరోజు ఆయన పెదవుల్ని ఎడమవైపుకు లాక్కుని, సున్నాలా చుట్టడానికి తిప్పలు పడ్డాడు. సగం పెదవి మాట వింది, సగం వినలేదు. సన్నగా గాలి వచ్చింది. ఆగాడు. ఏదో తిరిగొచ్చేదాకా ఆగినట్టు ఆగి, మళ్ళీ ఊదాడు.

"అయ్యో, వేడిగా ఉన్నట్టుందే. ఊదుకుంటున్నారు చూడు" అంది తల్లి.

జావ ఎప్పుడో చల్లారి తొరక కట్టింది. అయినా ఆమె చెంచాను నోటి దగ్గరికి తెచ్చుకుని, ఆయనతో పాటు ఊదింది.