కింది గదిలో స్పీకరు

"స్పీకరు బానే ఉంది. మీ ఆడవాళ్ళు కబుర్లు తగ్గిస్తే వినపడుతుంది," అన్నాడు మా ఆయన ఇఖ్లాక్, శుక్రవారం టీ గిన్నెలు నేను కారులోకి మోస్తుంటే. మసీదు కమిటీలో ఆయన మాటే మాట. స్పీకరు వచ్చే నెల బాగుచేయిస్తానంటాడు. ఆ వచ్చే నెల ఇంగ్లండులోని మా బ్రాడ్‌ఫర్డ్‌కి దారి తప్పి మూడేళ్ళయింది. మేం సమోసాలు వేయించి పోగేసిన డబ్బుతో ఈలోగా పైన దీపాలగుత్తి వెలిగింది.

పైన మగవాళ్ళు. కింద నేలమాళిగలో బాయిలర్, టీ స్టవ్, మేము. ఇమామ్ గొంతు మాకు తీగలోంచి వస్తుంది. ఆవేళ చివరి సజ్దాలో నుదురు నేలకి ఆనిందో లేదో, స్పీకరు ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

ఇమామ్ కంటే ముందు తల ఎత్తకూడదు. ఆగాం. బాయిలర్ ఓ కునుకు తీసి లేచింది. తివాచీ మీది పువ్వు నా నుదుటికెక్కి కాయ కూడా కాసుంటుంది. పక్కన మా అందరికీ పెద్దమ్మలాంటి సఫూరా ఖాలా మోకాళ్ళు కిర్రుమంటున్నాయి. ఎన్నేళ్ళుగా ఇలా వంగి ఉన్నాను, పైనుంచి మాట రావాలని? "నమాజులో ఆడదాని గొంతు వినపడకూడదు కౌసర్," అంటాడు ఆయన. "దువా చదువుకోవడం తర్వాత, ముందు రొట్టెలు," అనేది అత్తగారు. ఆఫీసులో మేనేజరమ్మ జాలిగా, "ఆ తలగుడ్డ నీకెవరు కట్టారు?" అంటుంది. ఇంట్లో ఆయన, "ఈ మాటలు నీకెవరు నేర్పారు?" అంటాడు. నా అంతట నేనే ఏదైనా చేస్తానని ఇద్దరికీ తట్టదు.

నెత్తిమీద అడుగుల చప్పుడు, చెప్పుల అల్మరా తలుపులు. మగవాళ్ళు నమాజు ముగించి లేచిపోయారు. మేమింకా నేలకి అంటుకునే ఉన్నాం. నా మొర అల్లాహ్‌కి చేరడానికి ఈ తీగ ఎప్పుడు కావాల్సొచ్చింది?

"అల్లాహు అక్బర్!" గోడలు వినేలా అని తల ఎత్తాను. నా గొంతు వెంబడే గదంతా తల ఎత్తింది. నమాజు ముగించే సలాం దాకా నేనే పలికాను.

అప్పుడొచ్చాడు ఇఖ్లాక్, మెట్ల మీదికి. "ఇంకా కూర్చునే ఉన్నారా? టీ ఏదీ?"

"మేం లేవలేదని తెలీలేదు గానీ, టీ లేదని తెలిసిందా నాయనా!" అంది సఫూరా ఖాలా, మోకాలు రుద్దుకుంటూ.

"వచ్చే శుక్రవారం నుంచి మేం పైన, మీ వెనక వరసల్లో చదువుతాం," అన్నాను. "టీ మీరు ఇక్కడ కాచండి."

"పిచ్చా నీకు? కింద ఉంటే, ఎప్పుడు తేవాలో మాకెలా తెలుస్తుంది?"

"స్పీకరు బానే ఉందిగా," అన్నాను. "కబుర్లు తగ్గిస్తే వినపడుతుంది."